కదలకుండా ఢీకొన్న రెండు లంకలు

ఎగువలంక తూర్పు అంచు కాపలా పుస్తకం
రాస్తున్నది: వీరవేణి, అంచు కాపలా

దూరం: రెండు కిలోమీటర్లు

పొద్దున్నే అంచు పొడవునా తిరిగొచ్చాను. ఊరిని నీళ్ళ మీద తేల్చే డ్రమ్ముల్లో మా వైపువి రెండు కాస్త కుంగాయి. గాలి కొట్టించాను. ఉప్పునీళ్ళని మంచినీళ్ళు చేసే మిషను మళ్ళీ మొరాయించింది. మర్యాదగా చెబితే వినే రకం కాదు, పక్కన ఒక తన్ను తంతే నీళ్ళొచ్చాయి. ఈలోగా బిందెలతో వరసలో నిలబడ్డ చివరి వీధి ఆడవాళ్ళు నన్ను తిట్టిపోశారు. మిషనుని తిడితే పలకదు కదా, నేనైతే పలుకుతాను.

తర్వాత దూరం కొలిచే మిషను చూశాను. దిగువలంక రెండు కిలోమీటర్లలో ఉంది. నిన్న ఇంకా ఎక్కువే ఉంది. అది మా వైపు వస్తోందో, మేమే దాని వైపు పోతున్నామో చెప్పలేను. నడిసముద్రంలో చూసి చెప్పడానికి పక్కన చెట్టూ చేమా ఉండవు.

రెండు ఊళ్ళూ ఇంజన్లు ఆపుకుని కూర్చున్నాయి. కారణం కొత్త తీర్పు. పోయిన వర్షాకాలంలో ఎక్కడో రెండు లంకలు గుద్దుకుంటే సముద్ర న్యాయస్థానం ఒక సూత్రం పెట్టింది. కనుచూపు మేరలో ఇంకో లంక ఉండగా ఎవరి ఇంజను నడుస్తుందో వాళ్ళే ఢీకొట్టినట్టు. ఇంజను ఆపుకున్నవాళ్ళు దెబ్బ తిన్నట్టు. ఢీకొట్టిన లంక పంచాయతీ రద్దు, ఆ ఊరు మొత్తం దెబ్బ తిన్న లంక ప్రెసిడెంటు చేతికి. పక్కకి తప్పుకుందామని ఇంజను వేసినా తప్పు తప్పే. అందుకని మా ప్రెసిడెంటు అబ్బులు గారు ఇంజను తాళం మొలతాడుకి కట్టుకున్నారు. దిగువలంక ప్రెసిడెంటు గవర్రాజు గారు తాళం మెళ్ళో వేసుకుని స్నానం కూడా దాంతోనే చేస్తున్నారని వినికిడి.

నాకు మాత్రం నవ్వు రావడం లేదు. మా లంకకి తూర్పు అంచున చివరిల్లు నాది. మా ఆయన బతికుండగా ఇద్దరం కలిసి కట్టుకున్నాం. దిగువలంకకి పడమటి అంచున చివరిల్లు మా అక్క సీతారత్నానిది. ఇప్పుడు లంకలు తిరిగి ఉన్న తీరు చూస్తే రెండిళ్ళూ సరిగ్గా ఎదురెదురు. ముందు నుజ్జయ్యేవి అవే.

దూరం: కిలోమీటరున్నర

పంచాయతీ మీటింగుకి వెళ్ళి విషయం చెప్పాను.

"ఒక్క పూట ఇంజను వేస్తే తప్పుకుంటామండి."

అబ్బులు గారు నవ్వారు. "అలా వేత్తామనే గవర్రాజు కాసుక్కూచున్నాడమ్మా. మనం కదలం. కదలనోడిది తప్పెలా అవుద్దీ?"

"మనం కదలకపోయినా నీరు కదుల్తుంది కదండీ."

"అయితే నీటి మీద కేసు పెడదాం."

సభ్యులు చప్పట్లు కొట్టారు. ఆ మాటని తీర్మానంగా కూడా రాసుకున్నారు.

నేను లేచి వస్తుంటే అబ్బులు గారు వెనక్కి పిలిచారు. "ఆ దూరం కొలిసే మిషను మీద దుప్పటి కప్పేయమ్మా. కొలిత్తే మనకి తెలిసినట్టు. తెలిసీ ఊరుకుంటే తప్పు మన మీదకొత్తాది. తెలీకుండా ఊరుకుంటే అది అమాయకత్వం."

"మరి పుస్తకంలో దూరం ఏం రాయమంటారు?"

"నీకు తోచింది రాయి. అంకెలు మాత్రం వద్దు."

దుప్పటి కప్పాను. మంచి దుప్పటే, మా ఇంట్లోది. పంచాయతీ దగ్గర దుప్పటి లేదట.

దూరం: వాళ్ళ మైకులో పాట వినపడేంత

తొమ్మిదేళ్ళ కిందటి వరకూ ఈ రెండూ ఒకటే ఊరు. ఒక పెళ్ళి భోజనాల్లో మొదటి బంతిలో ముందు ఎవరు కూర్చోవాలన్న దగ్గర అబ్బులు గారికీ గవర్రాజు గారికీ మాటా మాటా పెరిగింది. విస్తళ్ళు ఎగిరాయి. సాంబారు ఎవరి మీద పడిందన్న దాని మీద ఇప్పటికీ రెండు వాదాలున్నాయి. నెల తిరక్కుండా ఊరు నిలువునా రెండైంది. అక్క వాళ్ళ వీధి అటు పోయింది, మా వీధి ఇటు మిగిలింది. ఇటువాళ్ళు అటు, అటువాళ్ళు ఇటు అడుగు పెట్టకూడదని రెండు పంచాయతీలూ ఒకే రోజు తీర్మానం చేశాయి. ఆ ఇద్దరు పెద్దమనుషులూ ఏకాభిప్రాయానికి వచ్చిన సంగతి అదొక్కటే.

అప్పట్నుంచీ అక్కని చూడలేదు. దిగువలంకలో అంచు కాపలా మా బావ, అంటే అక్క మొగుడు సత్యానందం. రోజూ పొద్దున్న వైర్‌లెస్‌లో ఆయనా నేనూ క్షేమ సమాచారం చెప్పుకోవాలి. వాతావరణం తప్ప వేరే మాట ఎత్తకూడదని నియమం. అందుకని వాతావరణమే మాట్లాడుకుంటాం.

"దిగువలంక పడమటి అంచు. క్షేమం. గాలి దక్షిణం నుంచి. మోకాళ్ళ నొప్పులు నిన్నటికన్నా నయం," అంటాడు బావ. మోకాళ్ళు అక్కవి.

"ఎగువలంక తూర్పు అంచు. క్షేమం. అలలు చిన్నవి. మోకాళ్ళకి వాము నూనె రాయాలని సూచన," అంటాను నేను.

ఇవాళ మాత్రం బావ వాతావరణం పక్కన పెట్టేశాడు. "మరదలా, మీ ఇంజనేయించవే బాబూ."

"మీరే వేయించండి బావగారూ."

"మావోడు, మీవోడు ఏత్తే ఏత్తానంటన్నాడు."

"మావోడిదీ అదే మాటండి."

వెనకాల అక్క గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపించింది. గిన్నెల మీద కోపం చూపించడం అక్కకి చిన్నప్పట్నుంచీ అలవాటే.

దూరం: వాళ్ళ డాబాల మీద ఆరేసిన చీరల రంగులు తెలిసేంత

అబ్బులు గారు ఒక సంఘం వేశారు. ఢీ అంటే ఏమిటో తేల్చడానికి. "అర్థం తేలకుండా ఢీ జరిగితే ఊరికి అన్యాయం జరిగిపోద్ది," అన్నారు. అంచు కాపలా కాబట్టి నన్నూ కూర్చోబెట్టారు, టీలు అందించడానికి.

సైన్సు మాస్టారు ఒక ఇనప గుండూ, ఒక మైదా ముద్దా తెచ్చారు. గుండు గోడకి కొడితే వెనక్కి వచ్చింది. ముద్ద కొడితే అతుక్కుపోయింది. రెండూ ఢీలేననీ, కాకపోతే మొదటి దాంట్లో విడిపోతారు, రెండో దాంట్లో కలిసిపోతారనీ చెప్పారు. ఆకాశంలో గెలాక్సీలనే నక్షత్రాల గుంపులు ఒకదాంట్లోంచి ఒకటి దూసుకుపోతాయట, ఒక్క నక్షత్రం కూడా ఇంకోదానికి తగలదట, దాన్నీ ఢీ అనే అంటారట. గోడకి అంటిన మైదా నేనే గీకాను.

పొట్టేళ్ళు పెంచే రాఘవులు ఒప్పుకోలేదు. "ఎదురెదురుగా పరిగెత్తుకొచ్చి తలకాయలు బద్దలు కొట్టుకుంటేనే ఢీ అండి. మెల్లగా వచ్చి ఒరుసుకుంటే దాన్ని దురదంటారు."

ఒకే ముహూర్తానికి రెండు పెళ్ళిళ్ళు పడి పురోహితుడు ఒక్కడే ఉంటే, దాన్ని మించిన ఢీ లేదన్నారు పంతులు గారు. వైర్‌లెస్ నడిపే అబ్బాయి లేచి, ఒకే లైన్లో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఎవరి మాటా ఎవరికీ వినపడదు, మా భాషలో అదే ఢీ అన్నాడు. అప్పటికి గదిలో ఆరుగురు ఒకేసారి మాట్లాడుతున్నారు గనక అతని మాట ఎవరికీ వినపడలేదు.

చివరికి అబ్బులు గారు బల్ల గుద్దారు. "అసలు ఢీ అంటే అభిప్రాయాల ఢీ! నాకూ గవర్రాజుకీ తొమ్మిదేళ్ళ కిందటే అయిపోయింది. కాబట్టి ఇప్పుడు జరగబోయేది కొత్తది కాదు, పాతదానికి మిగులు!"

టీలు మూడుసార్లు తిరిగాక తీర్మానం రాశారు. ఉన్నదున్నట్టు ఎక్కిస్తున్నాను: "ఢీ అనగా అవతలివారు చేయునది."

ఇంజను ఊసు ఎవరూ ఎత్తలేదు. నేను ఎత్తితే టీ చల్లారిపోయిందన్నారు.

దూరం: పులుసు వాసన వచ్చేంత

పొద్దున్న అంచు మీద నిలబడి ఉన్నాను. చింతపండు పులుసు వాసన వచ్చింది. మెంతులు కాస్త ఎక్కువ పడ్డాయి. ఆ చెయ్యి ఎవరిదో నాకు వేరే చెప్పక్కర్లేదు.

"అక్కా!" అని అరిచాను.

అవతల కిటికీ తెరుచుకుంది. అక్క జుట్టు సగానికి పైగా తెల్లబడింది. వైర్‌లెస్‌లో మోకాళ్ళ సంగతి తెలిసింది గానీ జుట్టు సంగతి తెలీలేదు.

"ఏవే వేణీ! అలా చిక్కిపోయావేంటే? తింటన్నావా లేదా?"

"నువ్వు లావయ్యావు గదే అక్కా!"

"నీ కళ్ళు పడ్డాయి గందా, ఇంక తగ్గుతాన్లే. ఆ గోడకి ఆ రంగేంటే, దరిద్రంగా ఉంది?"

తొమ్మిదేళ్ళ తర్వాత అక్క నాతో అన్న మొదటి నాలుగు మాటలూ ఇవి. నేను ఏడుస్తూ నవ్వాను. అటుపక్క అక్క కూడా పమిట చెంగుతో ముక్కు తుడుచుకుంది.

తర్వాత అసలు మాటకొచ్చాం. "సామాన్లు సర్దుకున్నావా?" అన్నాను. "సర్దుకుని ఎక్కడికే పోను?" అంది అక్క. నిజమే. లంకలో ప్రతి ఇంటి చోటూ కొలతేసి ఉంటుంది. ఇల్లు పోతే ఇంకో ఇంటికి చోటు ఉండదు, ఎవరి వసారాలోనో పడుండాలి.

చెప్పడానికి సిగ్గేస్తోంది గానీ చెబుతాను. లంకలు దగ్గరవుతుంటే నాకు భయం ఎంతుందో సంతోషమూ అంతే ఉంది. రేపు ఇంకా బాగా వినపడుతుంది కదా అనిపిస్తోంది. ఎల్లుండికి అక్క మొహంలో ముడతలు కూడా కనపడతాయి కదా అనిపిస్తోంది. ఆ మర్నాడు ఇద్దరి ఇళ్ళూ ఉండవు.

దూరం: గొంతు పెంచకుండా తిట్టుకోగలిగినంత

అంచుకి పాత టైర్లు కట్టనివ్వమని అబ్బులు గారిని అడిగాను. పడవలకి కడతాం కదా, ఊరికి కడితే ఏమవుతుంది.

"టైర్లు కడితే ఢీ అవుద్దని ముందే తెలిసినట్టు కాదా? రేపు జడ్జి గారు అడిగితే ఏం చెప్పమంటావ్?"

నేను తిరిగొచ్చి చివరి వీధి ఆడవాళ్ళని పోగేశాను. మధ్యాహ్నానికల్లా వీధిలో ఉన్న పరుపులన్నీ అంచు రెయిలింగు మీద బయటివైపుకి వేలాడుతున్నాయి. దిళ్ళు, బొంతలు, కొబ్బరి పీచు బస్తాలు, తడిసిపోయాయని చెప్పుకున్న పాత టైర్లు. అబ్బులు గారు పరిగెత్తుకొచ్చారు.

"ఇదేంటిది?"

"నల్లులు పట్టాయండి. ఎండబెట్టుకుంటున్నాం."

"ఊరు ఊరంతానా?"

"నల్లులు మనలాంటివి కావండి. వాటికి వీధి భేదాల్లేవు."

పరుపులు ఎండబెట్టుకోకూడదని ఏ పంచాయతీ తీర్మానం చెయ్యగలదు? ఆయన కాసేపు పళ్ళు కొరుక్కుని వెళ్ళిపోయారు. సాయంత్రం వైర్‌లెస్‌లో బావ గొంతు హుషారుగా వచ్చింది. "దిగువలంక పడమటి అంచు. ఎండ బాగుంది. మా వైపు కూడా నల్లులు పడ్డాయి."

దూరం: లేదు

పొద్దున్న కాఫీల వేళ తగిలాయి.

నేను అంచు మీదే ఉన్నాను. చివరి వీధి వాళ్ళందరినీ ఊరి మధ్యకి పంపేశాను. అవతల బావ చెయ్యి పట్టుకుని అక్క నిలబడి ఉంది, మోకాళ్ళు పట్టుకుని కూర్చోమంటే వినదు. రెండు ఊళ్ళూ మెల్లగా, తప్పుకోవడానికి చోటు లేని సందులో ఇద్దరు లావుపాటి మనుషులు ఎదురైనట్టు, వచ్చి ఒకదాన్నొకటి ఒత్తుకున్నాయి. పరుపులు మూలిగాయి. పీచు బస్తాలు పగిలి ఒళ్ళంతా పీచు. కాళ్ళ కింద ఊరు ఒక ఊపు ఊగి ఆగిపోయింది. మా అంచు రెయిలింగు వాళ్ళ అంచులో ఇరుక్కుంది. ఇంట్లో అలమరలోంచి స్టీలు గ్లాసొకటి కింద పడింది.

అంతే. ఒక్క ఇటుక రాలలేదు. ఒక్క మనిషికి దెబ్బ తగల్లేదు.

పరుపుల మీదుగా అక్క చెయ్యి చాపింది. పట్టుకున్నాను. చెయ్యి గరుగ్గా ఉంది, వేళ్ళకి మెంతుల వాసన. ఎంతసేపు పట్టుకున్నానో తెలీదు గానీ, "ఇంక వదలవే, పొయ్యి మీద పాలు పెట్టొచ్చాను," అని అక్కే విడిపించుకుంది.

దూరం: లేదు, కానీ గోడుంది

ఊరంతా సంబరపడుతుందనుకున్నాను. పంచాయతీ ఆఫీసులో చావు కళ వచ్చింది.

కబురందుకుని సముద్ర న్యాయస్థానం జడ్జి గారు రేపే వస్తున్నారు. దెబ్బ లేకపోతే కేసు లేదు. కేసు లేకపోతే దిగువలంక మా చేతికి రాదు. ఇంతకాలం కదలకుండా కూర్చున్న కష్టమంతా బూడిదలో పోసినట్టయిందని అబ్బులు గారు తల పట్టుకున్నారట. సాయంత్రానికి నలుగురు మనుషుల్ని, నాలుగు గునపాల్ని వెంటేసుకుని మా గుమ్మంలోకి వచ్చారు.

"వీరవేణమ్మా, ఊరి పరువు నీ గోడ మీదుంది."

"ఉంటే దిగమనండి."

"వేళాకోళం కాదమ్మా. ఒక్క గోడ. అటువైపుది. రేపు జడ్జి గారొచ్చేసరికి దెబ్బ కనపడాలి గదా."

"ఢీ కొట్టని గోడని మీరు కొడతారా?"

"ఊరి కోసం," అన్నారాయన. కళ్ళల్లో నిజంగానే నీళ్ళున్నాయి. ఆ నీళ్ళు చూసే నాకు ఒళ్ళు మండిపోయింది. గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాను. నోటికొచ్చినవన్నీ తిట్టాను, ఆయన్నీ, వాళ్ళ నాన్ననీ, తొమ్మిదేళ్ళ కిందటి ఆ సాంబారునీ. ఇద్దరు ఆడవాళ్ళని పిలిపించి నన్ను పక్కకి లాగించారు.

ఆ గోడలో ప్రతి ఇటుకా మా ఆయన అందిస్తే నేను పేర్చింది. ఆయన పోయాక రాత్రి కాపలాలన్నీ దానికి చేరబడే కాశాను. మొదటి గునపం దెబ్బకి నేను కళ్ళు మూసుకున్నాను. దెబ్బ దెబ్బకీ రెండేసి చప్పుళ్ళు వినిపిస్తున్నాయి. దుఃఖంలో చెవులు మోసం చేస్తున్నాయనుకున్నాను.

గోడ కూలింది. ఇల్లంతా దుమ్ము. దుమ్ము సర్దుకున్నాక చూస్తే ఎదురుగా మా అక్క, తన వంటింట్లో, చేతిలో గరిటెతో, నెత్తి మీద సున్నంతో నిలబడి ఉంది. అక్క పక్కన గునపం పట్టుకున్న మనుషులు. వాళ్ళ వెనక గవర్రాజు గారు.

అబ్బులు గారూ గవర్రాజు గారూ మా ఇద్దరి ఇళ్ళలోంచీ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి.

"దొంగ దెబ్బ తీశావ్!" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

దూరం: రెండు చెక్కలు వేసి నడిచేంత

జడ్జి గారు చిన్న లాంచీలో వచ్చారు. పెద్దాయన, నడుం నొప్పి. ప్రెసిడెంట్లిద్దరూ ఆయన్ని కూలిన గోడల దగ్గరికి తీసుకొచ్చారు. అప్పటికి మేం మధ్యలో చెక్కలు వేసుకున్నాం. అటు అక్క పొయ్యి, ఇటు నా బల్ల. బావా, అక్కా, నేనూ అన్నాలకి కూర్చోబోతున్నాం.

జడ్జి గారు చాలాసేపు చూశారు. గునపం గాట్లు కూడా వేలితో తడిమి చూశారు.

"ఇందులో ఢీ ఏది?" అన్నారు చివరికి.

ప్రెసిడెంట్లిద్దరూ ఎవరి గోడని వాళ్ళు చూపించారు. మా ఇంజను ఆగే ఉందని అబ్బులు గారు తాళం పైకెత్తారు. గవర్రాజు గారూ ఎత్తారు. మా సంఘం చేసిన నిర్వచనం అబ్బులు గారు చదివి వినిపించారు. గవర్రాజు గారి జేబులోంచి కూడా ఒక కాగితం బయటికొచ్చింది. రెండింట్లోనూ ఒకటే వాక్యం.

జడ్జి గారు నా వైపు తిరిగారు. "కాపలా నువ్వేనా అమ్మా? ఎవరు ఎవర్ని కొట్టారు?"

"ఊళ్ళు కొట్టుకోలేదండి. నీరు తెచ్చి కలిపింది. గోడలు మాత్రం వీళ్ళు కొట్టారు. ముందు భోంచెయ్యండి, చల్లారిపోద్ది."

ఆయన కూర్చున్నారు. పులుసు రెండుసార్లు వేయించుకున్నారు. చెయ్యి కడుక్కున్నాక తుడుచుకుంటూ, ఇది చాలా క్లిష్టమైన కేసు అన్నారు. తుది తీర్పు వచ్చేదాకా ఒక్క మేకు కూడా కదలకూడదన్నారు. లంకలు విడదీయకూడదు, ఇంజన్లు వెయ్యకూడదు, గోడలు మళ్ళీ కట్టకూడదు. సాక్ష్యం చెడిపోతుంది. ఈ ఇళ్ళలో ఉండేవాళ్ళు ఇప్పుడెలా ఉన్నారో అలాగే ఉండాలి.

అబ్బులు గారి మొహం పాలిపోయింది. "ఎంత కాలమండీ?"

"ముందున్న కేసులు తేలాలి కదయ్యా. మీకు ముందున్న దాంట్లో ఒక లంక ఎప్పుడో మునిగిపోయింది. వాదనలు ఇంకా నడుస్తున్నాయి."

లాంచీ వెళ్ళిపోయింది. అక్క చెక్కల మీద నడిచి మా ఇంట్లోకి వచ్చింది, నాలుగడుగులకి మూడుసార్లు ఆగి మోకాళ్ళు తిట్టుకుంటూ. నా బల్ల మీద కూర్చుని, మిగిలిన గోడల రంగు చూసి మళ్ళీ మొహం చిట్లించింది. తర్వాత రెండు చేతులూ జోడించి, ఈ కేసు తేలకుండా చూడు తల్లీ అని సముద్రానికి మొక్కుకుంది.

నన్నూ మొక్కుకోమంది. అక్కర్లేదన్నాను. కోర్టు మీద నాకు పూర్తి నమ్మకం ఉంది.